శుక్రవారం తలుపు

కువైట్‌లో నేను మొదట నేర్చుకున్న విద్య అబద్ధం. అక్కడి వంట ఆ తర్వాతే వచ్చింది.

కోరుట్లలో బీడీలు చుట్టుకుని బతికినదాన్ని, రెండేళ్ల ఒప్పందం మీద ఇంటి పనికి వెళ్లాను. మూడు నెలలకే ఆ ఇల్లు చేతికి అలవాటైపోయింది. పెద్దాయనకు రొట్టె ఎంత కాలాలో, మేడంకు చాయ్ ఎంత చిక్కగా ఉండాలో కళ్లు మూసుకుని చెప్పగలను. తెలియనిదల్లా ఇంటి ముందున్న వీధి. నా పాస్‌పోర్టు మేడం బీరువాలో ఉండేది. చెత్త సంచి కూడా డ్రైవరే బయట పెట్టేవాడు. శుక్రవారం అందరూ మేడం తల్లిగారింటికి భోజనానికి వెళ్తూ బయటినుంచి తాళం వేసేవాళ్లు. దొంగల భయమట. మొదట్లో నవ్వుకున్నాను, తర్వాత నవ్వు రాలేదు.

ఆ ఒక్కరోజే ఫోన్ నా చేతికిచ్చేవాళ్లు. సిరిసిల్లలో ఉన్న చెల్లెలికి వీడియో కాల్ చేసేదాన్ని. ఆ వేళకు దాని వాకిట్లో ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతూ ఉండేవాళ్లు. మా వైపు గల్ఫ్ నుంచి ఫోనొస్తే అది ఇంటిది కాదు, వాడకట్టుది. గోడకు ఆనించి పెడితే అందరూ చూడాల్సిందే.

"ఫ్రిజ్ చూపియ్యి" అనేది ఒకామె. చూపేదాన్ని.

"నువ్వు పండే అర్ర ఏది?" అంది ఇంకొకామె.

నేను పడుకునేది సామాన్ల గదిలో, బియ్యం బస్తాల పక్కన. మేడం కూతురి మంచం చూపించాను. అంతమంది ముందు పరువు పోతుందని, అంతే.

ఐదో నెలలో చెల్లెలు ముఖమంతా నవ్వుతో చెప్పింది: "అక్కా, నేను గూడ అస్తున్న. జగిత్యాలల ఏజెంటుకు పాస్‌పోర్టు ఇచ్చిన. నీ లెక్కనే ఇంట్ల పని. నువ్వు గంత మంచిగుంటే నేనెందుకు ఈడ సావాలె?"

నిజం చెప్తున్నాను, నాకు మొదట కలిగింది సంతోషం. ఇదే ఊళ్లో నా మనిషి ఒకతి ఉంటుంది. కలవలేకపోయినా సరే, ఉంటుంది. ఆ వారమంతా ఆ ఆశతోనే గిన్నెలు తోమాను. తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. గురువారం ఇస్త్రీ చేస్తుంటే, చెల్లెలు ఇంకో ఇంట్లో, ఇంకో తాళం వెనక నిలబడి, ఎవరి మంచమో ఫోన్‌లో చూపిస్తున్నట్టు అనిపించింది.

మర్నాడు వాళ్లు వెళ్లగానే ఫోన్ చేశాను. "ఫ్రిజ్ సంగతి ఇడిసిపెట్టుండ్రి. గిది చూడుండ్రి" అని ఫోన్‌ను చెప్పుల బల్లకు ఆనించి, వీధి తలుపు పిడిని రెండు చేతులా లాగాను. కదల్లేదు.

"లోపటికెల్లి తాళం రాదా అక్కా?"

"రాదు. ఆల్లు అచ్చేదాక గింతే. నేను పండేది బియ్యం సంచుల కాడ. గా మంచం మేడం బిడ్డది. నీకు అబద్ధం చెప్పిన. నువ్వు రాకు చెల్లే."

చాటల్లో చేతులు ఆగిపోయాయి. చావు కబురొచ్చినా ఆకు కత్తిరిస్తూనే ఏడ్చే చేతులవి. చెల్లెలు ఫోన్ పెట్టేసింది. కోపమొచ్చిందో, నమ్మలేదో తెలియదు. తెలుసుకోవాలంటే మళ్లీ శుక్రవారం రావాలి. అంత పొడుగు వారం నా బతుకులో లేదు.

ఆ శుక్రవారం ఫోన్ ఎత్తగానే దాని ముఖానికి బదులు పాస్‌పోర్టు కనిపించింది. "జగిత్యాల పోయి తెచ్చుకున్న" అంది. గోడకు చేరగిలబడి ఏడ్చాను. చెల్లెలు బయటపడింది. నాకింకా పంతొమ్మిది నెలలు.

ఫ్రిజ్ చూపమని మళ్లీ ఎవరూ అడగలేదు. ప్రతి శుక్రవారం చెల్లెలిది ఒకటే మాట: "అక్కా, తలుపు గుంజి చూడు." తాళం వేసే వెళ్లారని ఇద్దరికీ తెలుసు. అయినా అది అడిగేది, నేను లేచి వెళ్లి లాగేదాన్ని.