ఇనుము మాత్ర, బలపం ముక్క

కొత్తగా ఆంధ్ర రాష్ట్రం వచ్చి, మా జిల్లా కేంద్రమైన కర్నూలు రాజధాని అయిన రోజులవి. నేను మార్కాపురం హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. ఊళ్ళో పిల్లలందరికీ కణం గురించి చెప్పగలిగాను గానీ, మా ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళకు చెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

నా భార్యకు ఆరో నెల. పుట్టింట్లో ఎవరూ లేరు కాబట్టి కాన్పు మా ఇంట్లోనే. మొహం సున్నం కొట్టిన గోడలా ఉండేది. ఆస్పత్రి డాక్టరమ్మ ఆమె కనురెప్ప కిందికి లాగి చూసి, "ఈ రక్తంతో కాన్పుకు పోతే మనిషి దక్కదు. రోజూ ఇనుము మాత్ర మింగాల," అని సీసా ఇచ్చింది. నెల తిరిగాక చూపిస్తే రెప్ప లోపల అదే తెలుపు. డాక్టరమ్మ నన్ను కోప్పడింది. నేను ఇంటికొచ్చి భార్య మీద పడ్డాను.

"మాత్రలు పెరట్లో పారేస్తన్నావా?"

"మీ మీద ఒట్టు, ఒక్కటి పారేయలేదు."

వంటింట్లోంచి మా అమ్మ వత్తాసు. "ఏందిరా నీ గోల! కడుపుతో ఉన్న పిల్లను అట్ల ఏడిపిస్తారా? నా కళ్ళ ముందరే మింగతాంది."

ఇక లాభం లేదని మరునాడు పొద్దున పలక తీసి ఇద్దరినీ కూర్చోబెట్టాను. పేగు గోడ గీశాను, అందులో కణాలు గీశాను.

"మింగగానే ఇనుము రక్తంలో పడదు. ముందు ఈ కణాలు దాన్ని లోపలికి తీసుకోవాల. అవతల రక్తంలో ఒక మాంసకృత్తు దాన్ని ఎత్తుకొని ఎముకల్లో మూలుగ దాకా మోసుకుపోవాల. అక్కడి కణాలు అందుకుంటేనే ఎర్రరక్తం. నడుమ ఎక్కడ ఆగినా అంతా దండగే. అర్థమైందా?"

"అయింది," అంది నా భార్య వినయంగా. నా ముందే మాత్ర వేసుకుని నీళ్ళు తాగింది. నేను గ్లాసు అవతల పెట్టి వచ్చేసరికి, పాఠం చెప్పిన బలపం సగమే మిగిలింది. మిగతా సగం ఆమె నోట్లో కరకరలాడుతోంది.

"ఓరి దేవుడా! ఏం చేస్తన్నావే?"

"మాత్రేసుకుంటే నోరంతా తుప్పు వాసన. బలపం కొరికితే పోతాది. రోజూ అత్తే ఇస్తాంది."

"ఇయ్యనా మరి? కడుపుతో ఉన్నది కోరింది పెట్టకుంటే పాపం గదా," అంది అమ్మ. మా వీధిలో ఇంటింటా పలకలు చేసేవాళ్ళే, బలపం ముక్కలకు కరువా!

డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను. విని ఆవిడ నెత్తి కొట్టుకుంది. రక్తం తక్కువైనవాళ్ళకే ఇట్లాంటి వాటి మీదికి నోరు పోతుందట. ఆ బలపం పొడి పేగులోనే ఇనుమును పట్టేసుకుంటుందట. ఇక కణాలకు అందేదేముంది, మన్ను! నా మీద నాకే ఒళ్ళు మండింది. నెలంతా ఆమెను తిట్టానే గానీ, మాత్ర తర్వాత ఏం తింటోందో చూడలేదు.

ఆ మంటంతా తీసుకెళ్ళి అమ్మ మీద పోశాను. "నీ చేతుల్తో నువ్వే చంపేదానివి గదమ్మా!" అన్నాను. అమ్మ లేచి ఇంట్లో ఉన్న బలపాలన్నీ ఏరి బయట పారేసింది.

అది మానిపించాక రెప్ప లోపల మెల్లగా ఎరుపు తేలింది. కాన్పు క్షేమంగా జరిగింది. ఆడపిల్ల.

పురుడయిన రోజు అమ్మ మనవరాలిని ఒళ్ళో వేసుకుని, తల ఎత్తకుండా అడిగింది.

"నాయనా, మీ అక్క తొలికాన్పులోనే తెల్లగా పాలిపోయి ప్రాణం పాయె గదా. దానికీ బలపం నేనే ఇచ్చినా, అడిగినప్పుడల్లా. అది కూడా ఇందుకేనా?"

"కాదులేమ్మా, అక్కది వేరే జబ్బు," అన్నాను.

అమ్మ పిల్లను నా చేతుల్లో పెట్టి లేచి లోపలికి పోయింది.