బాగైందో లేదో అడిగిన మేడం

మా కంపెనీలో కంప్లైంట్ల సెక్షన్‌ను ఏళ్ళ తరబడి నడిపించిన మేడం గారు గత మంగళవారం గుడివాడలో కన్నుమూశారు. రిటైరై ఏడాదైనా కాలేదు. కబురు వచ్చేటప్పటికి నేను ఆవిడ నేర్పిన పనిలోనే ఉన్నాను.

మాది చేపల, రొయ్యల చెరువులకు గాలి అందించే ఏరేటర్ల కంపెనీ. ఏళ్ళ నాటి ఫిర్యాదులన్నీ మా డేటాబేసులో ఉన్నాయి. కొత్త ఫిర్యాదు రాగానే, దాన్ని పోలిన పాత కేసు వెతికి అప్పటి రిపేరును సూచించే ప్రోగ్రాం రాయడం, ఆవిడ ఇంకా ఆఫీసులో ఉన్న రోజుల్లో, నాకు అప్పగించారు. రాసి, గర్వంగా ఆవిడకు చూపిస్తున్నాను. అంతలో నాగాయలంక రొయ్యల రైతు ఒకాయన ఫోన్ చేశాడు. మోటారు మాటిమాటికీ ఆగిపోతోంది, రొయ్యలు పైకి తేలుతున్నాయి అన్నాడు. ప్రోగ్రాం ముదినేపల్లి మంచినీళ్ళ చేపల చెరువు కేసు తీసింది. ఓల్టేజీ తక్కువ, స్టెబిలైజర్ పెట్టించాలి అని చూపించింది.

ఆవిడ ఫోన్ తీసుకుని లేచి నిలబడ్డారు. రైతులతో ఎప్పుడూ నిలబడే మాట్లాడేవారు.

"బాబాయ్ గారూ, మీ నీళ్ళు ఉప్పేనా?"

"మా వైపంతా ఉప్పే కదమ్మా."

"కరెంటు ఆపి గేరుబాక్సు ఆయిలు చూడండి. ఏ రంగులో ఉంది?"

కాసేపటికి ఆయన అన్నాడు. "పాలలాగా ఉందమ్మా."

అంటే ఉప్పుకు సీలు పాడై, నీళ్ళు లోపలికి పోయి ఆయిల్లో కలిశాయి. అవనిగడ్డలోని మెకానిక్‌ను వెంటనే పంపించారు. అందాకా పక్క చెరువు ఏరేటరు తెచ్చి వేయమన్నారు. రొయ్యలు దక్కాయి.

"మాటలు కలిశాయమ్మాయ్, చెరువులు కలవలేదు," అన్నారు నాతో.

మర్నాడు ఇద్దరం పాత కేసులు ముందేసుకున్నాం. ఏం రిపేరు చేశారో ఉంది గాని, దాంతో బాగైందో లేదో ఎక్కడా లేదు. ఆ వేసవంతా ఆవిడ పాత రైతులకు ఫోన్లు చేసి అడిగారు. రిపేరు చేసినా బాగవలేదని ఒకాయన ఎడాపెడా తిట్టాడు. ఆవిడ ఓపిగ్గా విని, "కుదరలేదు అని ఎక్కించు," అన్నారు. ఓడిన కేసులెందుకని మేనేజరు అడిగితే, "అవి లేకపోతే మళ్ళీ అదే చేస్తాం కదండీ," అన్నారు.

ఇప్పుడు మా ప్రోగ్రాం ముందు నీళ్ళ సంగతి అడిగి, ఆ తర్వాతే పాత కేసులు వెతుకుతుంది. దాని మాట ధైర్యంగా రైతుకు చెప్పగలుగుతున్నాను.

కబురు తెలిసిన మర్నాడు, బుధవారం, ఆవిడ ఇంటికి వెళ్ళాను. వాకిట్లో ఎవరికీ తెలియని పెద్దాయన ఒకరు చెప్పులు విడిచి నిలబడ్డారు. కోడూరు నుంచి వచ్చానన్నారు.

"ఫోన్లో గొంతు తెలుసండి. మనిషిని చూడటం ఇదే."

లోపలికి వెళ్ళి, ఆవిడ ముఖం వంక చాలాసేపు అలాగే చూస్తూ నిలబడ్డారు.