ముప్పై రెండు వరసలు

హైదరాబాద్‌లో స్వెట్టర్ ఎందుకని నవ్వేవాళ్ళు మా మరిది పనిచేసే గది చూడలేదు. బేగంపేటలో ఒక కంపెనీ వాళ్ళ కంప్యూటర్లన్నీ ఒకే గదిలో ఉండేవి. వాటికి వేడి తగలకూడదని ఇరవై నాలుగు గంటలూ ఏసీ నడిచేది. మెషిన్లకు ఏం కాకపోతే చాలు, మనుషులకు ముక్కు కారినా ఫికర్ లేదు. రెండేళ్ళు జలుబుతో తిరిగాక స్వెట్టర్ కావాలని అడిగాడు. కొన్నది వద్దట, అల్లింది కావాలట, ముందు భాగంలోనూ చేతుల మీదా జడల్లాంటి మెలికలు ఉండాలట.

పంజాగుట్టలో ఊలు తెచ్చి వానాకాలం చివర్లో మొదలుపెట్టాను. అల్లడం నాకెవరూ నేర్పలేదు. పక్కింటావిడ స్వెట్టర్ ఉతికి ఆరేస్తే దాని కుట్లు లెక్కపెట్టి నేర్చుకున్నాను. జడ రావాలంటే ఆరు కుట్లలో మూడింటిని ఒక జడపిన్ను మీదికి తీసి ముందుకు వదిలి, మిగతా మూడూ అల్లి, తర్వాత పిన్ను మీదివి అల్లాలి. మళ్ళీ పన్నెండు వరసల దాకా మెలిక ఉండదు. అంతే. మిగతాదంతా లెక్క తప్పకుండా ఉండటమే. లెక్క నాకు ఎప్పుడూ తప్పదు.

మహాలయ అమావాస్య నాటికి ముందు భాగం, వెనక భాగం, ఒక స్లీవు అయిపోయాయి. రెండో స్లీవు దగ్గర మా అత్తమ్మ నన్ను ఆపింది.

"ఇది చిన్నదాన్ని అల్లనీ," అంది.

చిన్నదంటే మా తోటికోడలు, ఆ మరిది భార్య. బీకాం చదివింది. నేను ఇంటర్ తప్పాను. మా గల్లీ చివర మూడంతస్తుల మేడలో ప్రతి అంతస్తులోనూ ఏదో ఒక కంప్యూటర్ కోర్సు నడిచేది. అందులో అకౌంట్ల కోర్సు నలభై అయిదు రోజులది, పొద్దున ఏడింటి నుంచి తొమ్మిదింటి దాకా. దసరా వెళ్ళిన సోమవారం కొత్త బ్యాచ్. మరిది ముందే అడ్వాన్సు కట్టి వచ్చి తర్వాత ఇంట్లో చెప్పాడు. అత్తమ్మకు అది నచ్చలేదు. కుట్టుమిషన్ సగంలో వదిలింది, టైపు సగంలో వదిలింది, ఇదీ అంతేనని ఆమె వాదన.

"సద్దుల బతుకమ్మ నాటికి గీ చెయ్యి ఒక్కటి అక్కదానికి సమానంగ అల్లి చూపియ్యి. ఒక్కటన్న సాంతం చేసినవని నమ్ముత. అప్పుడు పో కోర్సుకు."

ఆ అమ్మాయి సంబరపడింది. నేను పడలేదు. ఏడింటి నుంచి తొమ్మిదింటి వరకు మా ఇంట్లో ఆరుగురికి టిఫిన్లు, నాలుగు డబ్బాలు. ఆ రెండు గంటలూ ఇకనుంచి నేను ఒక్కదాన్నే.

అయినా మొదట్లో నేను మోసం చెయ్యలేదు. అది ముందే చెప్పాలి. ఎనిమిది చుట్లు అల్లమన్నాను, చుట్టుకొక మెలిక వెయ్యమన్నాను. చుట్టంటే బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ళ కణుపులూ లెక్కపెట్టుకుంటూ ఒకసారి పూర్తి చెయ్యడం. వేలికి మూడు కణుపులు, చుట్టుకు పన్నెండు. మా పుట్టింట్లో అందరూ అలాగే లెక్కపెట్టేవాళ్ళు. ఇంకోలా లెక్కపెట్టేవాళ్ళు ఉంటారని నాకు తోచలేదు. ఎన్ని అని ఆమె అడగలేదు. చుట్టంటే ఎంతో తనకూ తెలుసు కదా.

మూడో రోజు సాయంత్రం వసారాలో పక్కపక్కన కూచుని నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాను, ఆమె అల్లుతోంది. వరస అయ్యాక ఆమె బొటనవేలు చూపుడువేలి మూడో కణుపు దాటి వేలి కొస మీదికి వెళ్ళింది. తర్వాత వరసకు మధ్యవేలి అడుగుకు దిగింది. వేలికి నాలుగు. చుట్టుకు పదహారు.

నా చేతిలో కాయ ఉంది. దాని ఈనె తీసి పక్కన పడేశాను. పదహారు ఎనిమిదులు నూట ఇరవై ఎనిమిది. నావి తొంభై ఆరు. తేడా ముప్పై రెండు. మా ఊలుకు అంగుళానికి అయిదున్నర వరసలు. దాదాపు ఆరంగుళాలు.

"అక్కా, నా చెయ్యి మస్తు స్లో," అంది ఆమె. "నువ్వు రోజుకో చుట్టు ఊకెనె చేసినవు. నాకు మెడ పట్టేస్తుంది."

రోజుకు నాకంటే నాలుగు వరసలు ఎక్కువ అల్లుతూ ఆ మాట అంటోంది.

"అలవాటైతే వస్తదిలే," అన్నాను.

అప్పటికి రెండు చుట్లే అయ్యాయి. ముప్పై రెండు వరసలు. విప్పితే పెద్ద నష్టం లేదు. ఆ సంగతి కూడా అప్పుడే లెక్కవేశాను.

ఆ తర్వాత ఒక పని చేశాను. నా స్లీవును ఇస్త్రీకని చెప్పి మడిచి నా బీరువాలో పెట్టాను. పక్కన పెట్టుకుని చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. మెలికలు మాత్రం రెండింటికీ ఎనిమిదే. అత్తమ్మ మధ్యలో వచ్చి మెలికలు లెక్కపెట్టి, అయిదైనయి, ఆరైనయి అని తృప్తిపడి వెళ్ళేది. ఆ అమ్మాయి ఒక చేత్తో బతుకమ్మకు గునుగుపూలు తుంచుతూ ఇంకో చేత్తో సూదులు పట్టుకుని తిరిగేది. ఎనిమిది రోజుల్లో, చెప్పినట్టే, పూర్తి చేసింది.

సద్దుల బతుకమ్మ ముందు రోజు అందరూ హాల్లో ఉండగా అత్తమ్మ నా స్లీవు తెమ్మంది. తెచ్చాను. రెండూ చాప మీద పక్కపక్కన పరిచింది.

"ఇదేందే," అంది అత్తమ్మ. "ఒక చెయ్యి నా కొడుక్కి, ఇంకోటి కొండెంగకా?"

మా ఆయన పకపకా నవ్వాడు. మరిది ఆ పొడుగు స్లీవును చేతికి చుట్టుకున్నాడు. వేళ్ళు దాటి కిందికి వేలాడింది. దాన్ని ఊపుతూ, "ఇగ నేను మంచం దిగకుండనే ఫ్యాన్ బంద్ చేస్త," అన్నాడు. భర్తే నవ్వాక ఇంకెవరు ఆగుతారు? ఆమె కూడా నవ్వింది. గట్టిగా, అందరికంటే ఎక్కువసేపు నవ్వింది.

"మళ్ల అల్లితే ఎన్ని రోజులు పడ్తది?" అత్తమ్మ నన్నే అడిగింది.

మెలికల మధ్య ఎడమే వేరు కనక మొత్తం విప్పాల్సిందే. ఆమె వేగం రోజుకు పదహారు వరసలు. తొంభై ఆరుకు ఆరు రోజులు. సోమవారానికి నాలుగే ఉన్నాయి. ఇద్దరం వంతులేసుకుని కూచుంటే మూడు రోజుల్లో అయిపోతుంది. ఆ లెక్క కూడా నా దగ్గర ఉంది.

"ఆరు," అన్నాను.

"చూసినవా? ఏదీ తిన్నగ చెయ్యదు," అంది అత్తమ్మ. కోర్సు మాట అక్కడితో అయిపోయింది.

ఆ సాయంత్రం ఆమె మెట్ల మీద స్లీవు విప్పుతూ కూచుంది. నేను బట్టలు తీసుకుని దిగుతుంటే, "అక్కా, మూడో రోజు నా పక్కనే కూసున్నవు గదా. నీకు కానరాలేదా?" అని అడిగింది.

"నేను కూరగాయలు చూస్కుంటున్న. నీ చేతులెందుకు చూస్త?"

ఆమె తల ఊపి మళ్ళీ విప్పసాగింది. నేను దిగేవరకు తల ఎత్తలేదు.

అడ్వాన్సు తిరిగి ఇచ్చేది లేదన్నారు కోర్సు వాళ్ళు. పేరు కూడా మార్చరట, కావాలంటే ఆ సీట్లో ఇంకెవరైనా కూచోవచ్చట. పైసలు పాడు చేసుడెందుకు, లెక్కలు పెద్దదానికి వస్తయి, అది పోతది అంది అత్తమ్మ. నాకెందుకు అత్తమ్మా అన్నాను. ఒక్కసారే అన్నాను.

నలభై అయిదు రోజులు పొద్దున ఆరూ యాభైకి ఇల్లు దాటాను. సారు హాజరు తీసేటప్పుడు ఆమె పేరు పిలిచేవాడు, నేను పలికేదాన్ని. మొదటి రెండు రోజులు తడబడ్డాను. తర్వాత అలవాటైంది. ఆ సమయానికి ఇంట్లో ఆమె ఆరుగురి టిఫిన్లు, నాలుగు డబ్బాలు చూసేది. నా టిఫిను గిన్నె మీద మూతపెట్టి ఉంచేది. చట్నీ ఎప్పుడూ తక్కువ చెయ్యలేదు.

సర్టిఫికెట్ ఆమె పేరు మీదే వచ్చింది. నాకు ఉద్యోగమిచ్చిన పంజాగుట్ట షాపాయన కాగితాలు అడగలేదు. ఒక బిల్లుబుక్కు ఇచ్చి కూడమన్నాడు, చూసి పనిలోకి రమ్మన్నాడు. పదకొండేళ్ళు అక్కడే చేశాను.

సర్టిఫికెట్ తెచ్చిన రోజు నేరుగా వంటింట్లోకి వెళ్ళి ఆమె ముందు పెట్టాను. ఎందుకు పెట్టానో నాకే తెలియదు. ఆమె చపాతీలు ఒత్తుతోంది. తన పేరు ఎంత పెద్ద అక్షరాల్లో ఉందో చూసింది.

"పిండి చేతులు అక్కా," అంది. "ఫ్రిజ్ మీద పెట్టు."