సీసాలో పట్టని దెయ్యం

సముద్రం అవతల, తెలుక్ ఆన్సన్ దగ్గరి రబ్బరు తోట బడిలో పాఠాలు చెప్పే ఆంథోనీ మేస్టారు ఆదివారాలు, విశాఖపట్నంలో ఓడెక్కి వచ్చిన కూలీలకు పుస్తకాలు చదివి వినిపిస్తాడు. వేలు తడుపుకుంటాడు, పేజీ తిప్పుతాడు, నిట్టూరుస్తాడు. ఏటా మృతుల పండగకి వాళ్ళు కోరేది రాజుల కాలం నాటి దెయ్యం కథ. ఉన్నవి మూడే పుస్తకాలు. మూడింట్లోనూ చివరికి మాంత్రికుడు దెయ్యాన్ని సీసాలో బిగించేస్తాడు.

"దెయ్యం ఇంటికెల్లిపోయే కత లేదేటి మేస్టారూ?" అంది లూసీ. మొన్న వానల్లోనే ఆమె మొగుణ్ణి తోట చివర పూడ్చారు. "పోయే ముందల ఊరెల్తానన్నాడు."

"ఉంది," అని మేస్టారు చేతికందిన పుస్తకం తీశాడు. కోట కాపలా సిపాయి చచ్చి దెయ్యమైన కథ. మాంత్రికుడి పేజీ దగ్గర మాత్రం వేలు తడుపుకోలేదు. అలసిన గొంతుతోనే, పుస్తకంలో లేని ఓడ ఒకటి తెప్పించి, ఆ దెయ్యాన్ని విశాఖపట్నం రేవులో దించాడు.