గ్లోబు వెతికిన ఊరు

మా తమ్ముడి కూతుర్ని వీధిలో అందరూ గ్లోబు అనేవాళ్ళు. మొహం గుండ్రంగా ఉందని కాదు, అక్షరాలు పూర్తిగా రాకముందే దేశాలు గుర్తుపట్టేదని. తమ్ముడిది బడులకు పటాలు తయారుచేసే పని. అచ్చు కాగితాన్ని గుడ్డమీద అతికించి, వార్నిష్ పూసి, పైనా కిందా కర్రలు బిగించేవాడు. ముడతపడి పాడైన పటాలన్నీ బల్ల కింద కూర్చున్న ఈ పిల్లకే. మిగతా పిల్లలు అన్నం తినడానికి కథ అడుగుతారు, ఇది నది అడిగేది. "ఇది ఎక్కడ పుట్టిందో చెప్తేనే తింటా" అని మొండికేసేది. నాకేం తెలుసు, నా మొహం! "మీ నాన్న నెత్తిమీద పుట్టింది, తిను" అనేదాన్ని. "నాన్న నెత్తిమీద కొండ లేదత్తా" అనేది నిమ్మళంగా.

దానికి ఆరేళ్ళప్పుడు మా మరదలు పోయింది. జ్వరమని ఆసుపత్రికి వెళ్ళిన మనిషి మళ్ళీ ఇంటికి రాలేదు. పిల్లను పక్కింట్లో వదిలి అంతా ముగించుకొచ్చాం. గడపలో అడుగుపెట్టామో లేదో, "అమ్మేది?" అంది.

ఇంకెవరైనా అయితే ఆకాశం చూపించేవాళ్ళు. మా తమ్ముడు పటం చూపించాడు. బల్లమీద ఆరుతున్న పటంలో, ఎక్కడో సముద్రం ఒడ్డున ఉన్న ఊరి మీద వేలు పెట్టి, "ఇక్కడ పెద్దాసుపత్రి ఉందమ్మా. నయమయ్యాక వస్తుంది" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వంటింట్లోకి లాక్కెళ్ళి దులిపేశాను.

"అబద్ధమాడినా అతికినట్టుండాలిరా! ఆ పిల్లకా నువ్వు ఊరు చూపించేది?"

"నోరు రాలేదక్కా. రేపు చెప్తాలే."

ఆ రేపు రానేలేదు. నేను చెప్తానంటే కాళ్ళావేళ్ళా పడేవాడు. నోట్లో నువ్వుగింజ నానని పక్కింటావిడ చేత కూడా ఒట్టు వేయించుకున్నాడు. ఈలోగా గ్లోబు ఆ ఊరికి దారి కనిపెట్టేసింది. పటం మీద దారం పరిచి, ఎక్కడ నది దాటాలో, ఎక్కడ బస్సు మారాలో నన్ను కూర్చోబెట్టి చెప్పేది.

"ఇంత దూరం అమ్మ ఒక్కతే ఎలా వెళ్ళిందత్తా? భయమెయ్యలేదా?"

పొయ్యి మీద ఏదో మాడిపోతోందని చెప్పి లేచిపోయేదాన్ని.

ఒక మధ్యాహ్నం పిల్ల కనబడలేదు. సందుసందూ గాలించాం. చివరికి బస్టాండు నుంచి ఒక కండక్టరు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

"మీ అమ్మాయేనా? కిటికీ పక్కన కూర్చుని, నది రాగానే లేపమంది. ఆపైన ఏ బస్సెక్కాలో నాకే పాఠం చెప్పింది. టికెట్టేదంటే, అక్కడ మా అమ్మ ఇస్తుందంటుంది!"

నవ్వుతూ చెప్పాడు పాపం. మాలో ఎవరూ నవ్వకపోయేసరికి ఆగిపోయాడు.

తమ్ముడు పిల్లను కౌగిలించుకుని భోరుమన్నాడు. "అమ్మ ఆ ఊళ్ళో లేదు తల్లీ. అమ్మ చచ్చిపోయింది. నేనే అబద్ధం చెప్పాను."

గ్లోబు వాడి చేతులు విడిపించుకుంది. లోపలికెళ్ళి పటం తెచ్చి నేలమీద పరిచింది. "మరి ఎక్కడుంది? చూపించు."

"ఇందులో ఉండదమ్మా" అని వాడు దాన్ని నడిపించుకుని బయల్దేరాడు. నేనూ వెనకాలే వెళ్ళాను. అది రోజూ బడికి వెళ్ళే వీధే. బడి దాటి పక్కసందులోకి తిరిగితే శ్మశానం. గోడ వారగా, ఇంకా గడ్డి మొలవని మట్టిదిబ్బ ముందు వాడు ఆగాడు.

గ్లోబు దిబ్బను చూసింది. వెనక్కి తిరిగి బడి గోడను చూసింది. లోపల పిల్లలు ఆడుకుంటున్న గోల వినిపిస్తోంది.

"ఇక్కడేనా?"

"ఇక్కడేనమ్మా."

"ఇంత దగ్గరా నాన్నా?" అంది. "దూరమన్నావుగా! ఇంత దగ్గరని చెప్తే నేను రోజూ వచ్చేదాన్ని కదా! అమ్మ ఒక్కతే ఉంది కదా!"

రెండు చేతులతోనూ వాణ్ణి కొట్టడం మొదలుపెట్టింది. వాడు ఆ మట్టిలోనే మోకాళ్ళ మీద కూలబడి కొట్టించుకున్నాడు. నేను అడ్డం వెళ్ళలేదు.