తాతయ్య గజంబద్ద

నల్లకోటు కొత్తగా తొడుక్కున్న ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. లా కాలేజీలో చెప్పని లా అంతా మా బట్టల కొట్లో కూర్చునే నేర్చేసుకున్నానని ఒకటి. బేరంలో నన్ను మించిన మనిషి బందరులో ఇంకా పుట్టలేదని రెండోది. మొదటి నమ్మకం నా మొట్టమొదటి కేసుతోనే పోయింది. రెండోది ఇప్పటికీ ఉంది (అది కూడా పోతే ఇక నా దగ్గర ఏం మిగులుతుంది?). నడవడం రాకముందే జాకెట్టు గుడ్డల తాన్ల మధ్య పాకినదాన్ని. తోటి పిల్లలు ఎక్కాలు వల్లిస్తుంటే, "మీరు కాబట్టి ఈ ధర, బయట చెప్పకండి" అన్న మాటను ఎన్ని రకాలుగా పలకవచ్చో సాధన చేసినదాన్ని. అలాంటిదాన్ని ఒక కర్రముక్క నడిబజారులో నిలబెట్టి ఓడించింది. తమాషా ఏమిటంటే, ఆ ఓటమిని తలుచుకున్నప్పుడల్లా నా ఛాతీ రెండంగుళాలు పొంగుతుంది.

మా కొట్టుకి తూర్పున ఇనప సామాన్ల కొట్టు. దాని యజమానిని చిన్నప్పటి నుంచీ ఇనప్కొట్టు మావయ్య అనే పిలిచేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు, రెండు కొట్ల మధ్య కాఫీ గ్లాసులు అటూ ఇటూ తిరగడమే చుట్టరికం. ఆయన కొట్టున్న స్థలం ఒకప్పుడు మాదే. మా తాతయ్య దాన్ని ఆయన నాన్నగారికి అమ్ముతూ, మధ్యలో మూడడుగుల సందు మా కోసం ఉంచుకున్నాడు. వెనకాల మా గోడౌనుకి అదొక్కటే దారి. బేళ్ళు తెచ్చే తోపుడు బండి వెడల్పు ముప్పై మూడు అంగుళాలు. అంటే సందు మూడడుగులూ ఉంటే బండి దర్జాగా వెళ్తుంది. ఆరంగుళాలు తగ్గిందా, గోడౌనుకి తాళం వేసి దండం పెట్టుకోవాల్సిందే. మావయ్య పాత రేకుల షెడ్డు తీసేసి మూడంతస్తుల మేడకి పునాది గుంటలు తవ్వించినప్పుడు, సరిగ్గా ఆ ఆరంగుళాలే మా సందులోకి వచ్చాయి. నాన్న మర్యాదగా అడిగారు. "మా నాన్న చూపించిన హద్దు ఇదే బావా," అన్నాడు మావయ్య, అంతే మర్యాదగా. ఆ సాయంత్రం నుంచి కాఫీ గ్లాసులు ఆగిపోయాయి.

నేను అప్పటికి మూడు నెలల జూనియర్ని. సీనియర్‌గారి ఆఫీసులో నా పని వాయిదాల తేదీలు రాయడం, ఫ్యాను స్విచ్చి వెయ్యడం. కానీ ఇది మా ఇంటి కేసు కదా, కాగితాలన్నీ నేనే పట్టుకు తిరిగాను. కోర్టు ఇంజంక్షన్ ఇచ్చి పని ఆపించింది. తాతయ్య రాసిచ్చిన దస్తావేజు ప్రకారం, తూర్పు హద్దు రాయి నుంచి పడమరగా పన్నెండు గజాలు మావయ్యవి. టేపు పెట్టి కొలిస్తే ముప్పై ఆరడుగులు. ఆయన గుంటలు ముప్పై ఆరున్నర దగ్గరున్నాయి. ఇంతకన్నా తేలికైన కేసు ఉండదనీ, కోర్టు తరఫున కమిషనర్ వచ్చి టేపు పట్టుకుంటే చాలనీ సీనియర్‌గారు తేల్చేశారు.

అక్కడితో నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథ లేదు. రిజిస్ట్రారాఫీసు నుంచి తెచ్చిన దస్తావేజు నకలుని నేను మళ్ళీ మళ్ళీ చదివాను (గుడ్డ తాను కొనేవాళ్ళు అంచు పట్టుకుని చూస్తారు, తెలివైనవాళ్ళు మడత విప్పి చూస్తారు). చివర్లో, సాక్షుల సంతకాలకి కాస్త పైన, ఎవరూ పట్టించుకోని ముక్క ఒకటి కనిపించింది: "ఈ పన్నెండు గజములును మా కొట్టు గజంబద్దతో కొలిచి ఒప్పుకొనడమైనది." నాకు ఒళ్ళు జలదరించింది. బట్టల కొట్టు గజం సంగతి ఎవరికి తెలియదు? ముప్పై ఆరు అంగుళాలు నిండా ఉన్న గజంబద్ద మా బజారులో ఉంటే దానికి గుడి కట్టేవాళ్ళు. మా బద్ద ఒక్క అరంగుళం తక్కువున్నా చాలు, పన్నెండు గజాలకి ఆరంగుళాలు. మావయ్య ఆక్రమించిన ఆరు వెనక్కి రావడమే కాదు, ఇంకో ఆరు కలిసొస్తాయి. మూడడుగుల సందు మూడున్నర అవుతుంది. తాతయ్య చేతివాటం మీద నాకున్న గౌరవం అలాంటిది.

ఆ బద్ద నాయనమ్మ ట్రంకు పెట్టెలో, పాత పంచెలో చుట్టి ఉండేది. మీటర్ల లెక్క వచ్చాక దానికి కొట్లో పనిలేదు, ఏడాదికోసారి దసరా పూజకి బయటికొచ్చేది. నేను అడగ్గానే నాయనమ్మ ముఖం ముడుచుకుంది. "దాని జోలికెళ్ళకే. కోర్టుకీ కచేరీకీ లాగే వస్తువు కాదది. మీ తాత పరువు పోతుంది," అంది. నాకు ఇంకేం కావాలి? పరువు పోతుందంటే బద్ద తక్కువన్నట్టేగా. అయినా నేను గుడ్డిగా దిగే రకాన్ని కాదు. ఆవిడ మధ్యాహ్నం కునుకు తీసినప్పుడు పెట్టె తెరిచి, మా కొట్టు అరుగు మీద మిషను కుట్టే దర్జీ తాత మెడలోని టేపు అడిగి తెచ్చి కొలిచాను. ముప్పై అయిదున్నర. రెండోసారి కొలిచాను. ముప్పై అయిదున్నరే. బద్దకి రెండు చివర్లా తొడిగిన ఇత్తడి పొన్నులు నన్ను చూసి కన్ను గీటినట్టనిపించింది.

సీనియర్‌గారు నా మాట అంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఏమ్మా, గెలుస్తున్న కేసులో కొత్త కాగితం తియ్యకూడదు. అన్నం ఉడికాక దించుకోవాలి గానీ, ఇంకో గ్లాసు నీళ్ళు పోసి చూద్దామనుకోకూడదు," అన్నారు. నేను మూడు రోజులు ఆయన్ని బేరమాడాను. చివరికి నా ఉత్సాహానికో, నా నోటికో తట్టుకోలేక పిటిషన్ వేశారు. కొలత ఆ బద్దతోనే జరగాలని దస్తావేజులో ముక్క వేలుపెట్టి చూపించి జడ్జిగారి ముందు చదివింది నేనే. నా జీవితంలో కోర్టులో నేను పలికిన మొదటి వాక్యం అది. అవతలి ప్లీడరు నకలు తీసుకుని చూసి, తన క్లయింటు వైపు తిరిగి ఏదో గొణిగాడు. మావయ్య నా వైపు చూసిన చూపులో కోపం కన్నా దిగులు ఎక్కువుంది. నాకు జాలి కూడా వేసింది (గెలిచేవాళ్ళకి జాలి చాలా సుఖంగా వస్తుంది).

కొలత రోజు పొద్దున్నే కోర్టు పంపిన అడ్వకేట్ కమిషనర్ కోటులో చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. గుడివాడ నుంచి బస్సు దిగిన సర్వేయరుగారు ముందు టిఫిను ఎక్కడ బావుంటుందని అడిగారు. బజారు బజారంతా పని మానుకుని నిలబడింది. మొవ్వ నుంచి పెళ్ళిబట్టలకొచ్చిన ఒక కుటుంబం కొనడం మానేసి చూస్తోంది. నేను బద్దని రెండు చేతులతో, ఉత్సవ విగ్రహాన్ని తెచ్చినట్టు తెచ్చాను. తూర్పు హద్దు రాయి దగ్గర సర్వేయరు బద్ద ఆనించి గీత గీశాడు. ఒకటి అన్నారు జనం. రెండు అన్నారు. పదకొండు దాకా నా గొంతే అందరికన్నా పైన వినిపించింది. పన్నెండో గజం చివర ఇత్తడి పొన్ను వెళ్ళి మావయ్య పునాది అంచున కట్టిన తాడుకి ఠక్కున తగిలింది. తాడు ఇవతల కాదు, అవతలా కాదు. తాడు మీదే.

మళ్ళీ కొలవమన్నాను. మళ్ళీ తాడు దగ్గరే ఆగింది. అప్పుడు సర్వేయరు తన ఉక్కు టేపు తీసి బద్దనే కొలిచాడు. "ముప్పై ఆరున్నర," అన్నాడు, ఇడ్లీ ధర చెప్పినంత మామూలుగా. నాకు అర్థం కాలేదు. దర్జీ తాత టేపు లాక్కొచ్చి పక్కన పెట్టాను. ఇరవై ఏళ్ళుగా ఆయన మెడలో వేలాడి, లాగి లాగి, అది సాగిపోయింది. అంగుళం మేరకి సాగి, ఉన్న పొడుగుని అంత తక్కువ చేసి చూపిస్తోంది. (కొలతలు కాగితం మీద రాసిచ్చి కుట్టించుకునే సగం ఊరి జాకెట్లు వదులుగా ఎందుకున్నాయో కూడా ఆ రోజే తెలిసింది.) అంటే తాతయ్య బద్ద తక్కువ గజం కాదు. ప్రతి గజానికీ అరంగుళం ఎక్కువిచ్చే బద్ద. ఆ బద్దతో కొలిచి అమ్మిన స్థలం పన్నెండు గజాలకీ ఆరంగుళాలు ఎక్కువే. మావయ్య అంగుళం కూడా ఆక్రమించలేదు. గెలిచిన కేసుని నేనే పంచెలో చుట్టి తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను.

ఎవరూ నవ్వలేదు. గిలకలదిండి నుంచి చేపల గంప తెచ్చే మామ్మ ఒకావిడ ముందుకొచ్చి బద్దని వేలితో తాకింది. "ఈ కొట్లో కొన్న గుడ్డకి దర్జీ ఎన్నడూ చాలదనలేదమ్మా. ఎందుకో ఇన్నాళ్ళకి తెలిసింది," అంది. నేను నాన్న ముఖం చూడటానికి భయపడ్డాను. చూస్తే, ఆయన చొక్కా పై గుండీ పెట్టుకుంటున్నారు. బట్టల కొట్టువాడి గజం అని పుట్టినప్పటి నుంచీ పదిమందీ ఆడిన ఎకసెక్కాలన్నీ నవ్వుతూ మింగిన మనిషి. కేసు పోయిన క్షణంలో, కమిషనర్‌కి కుర్చీ వేయించి, "రాసుకోండి సార్. ముప్పై ఆరున్నర. స్పష్టంగా రాసుకోండి," అన్నారు.

ఇంటికెళ్ళేసరికి కబురు నా కన్నా ముందే చేరింది. నాయనమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. "చెప్పానా పరువు పోతుందని? నీ తాతకి బేరం చేతకాదని ఇప్పుడు ఊరందరికీ తెలిసింది," అంది. అప్పుడు చెప్పింది అసలు సంగతి. కోడూరు నుంచి మూట నెత్తిన పెట్టుకుని వచ్చి కొట్టు పెట్టినవాడికి, ఎవరైనా తగ్గించమంటే నోట మాట వచ్చేది కాదట. అందుకని పడవలు చేసే వడ్రంగి దగ్గర, అరంగుళం ఎక్కువ పెట్టి బద్ద చేయించుకున్నాడట. ఆ తర్వాత ఎవరు ఎంత బతిమాలినా ధర తగ్గించేవాడు కాదు, తల అడ్డంగా ఊపేవాడు. తగ్గింపు అప్పటికే బద్దలో పెట్టేశాడు కదా. "మరి స్థలం కొలిచేటప్పుడన్నా వేరే బద్ద తెచ్చుకోవచ్చుగా నాయనమ్మా," అన్నాను ఏడుపు గొంతుతో. "నేనూ అదే అడిగాను. గుడ్డకొక గజం, నేలకొక గజం ఉంటుందా అన్నాడు. ఆ ఆరంగుళాల కోసం మీ తాతతో నెల రోజులు మాట్లాడలేదు నేను," అంది. ఆ కోపం ఆవిడ ముఖంలో ఇంకా మిగిలే ఉంది, దాని పక్కనే ఇంకొకటి కూడా ఉంది. దానికి పేరు పెట్టడం ఆవిడకి ఇష్టముండదు.

గర్వం సరే, తోపుడు బండి సంగతేమిటి? పాత షెడ్డు హద్దుకి ఆరంగుళాలు లోపలే ఉండబట్టి ఇన్నాళ్ళూ బండి వెళ్ళింది గానీ, ఇప్పుడు సందు రెండున్నర అడుగులకి దిగుతోంది. మర్నాడు ఒక్కదాన్నే మావయ్య కొట్టుకెళ్ళాను. ఆరంగుళాలు వదలమన్నాను. ఆయన రెండన్నాడు. మా తాతయ్య మీ నాన్నగారికి ఇచ్చినవే కదా అన్నాను. ఇచ్చినవి తిరిగి అడిగే వంశం కాదనుకున్నానే అన్నాడు. నేను అయిదుకి దిగాను, ఆయన మూడుకి ఎక్కాడు. రెండు సార్లు లేచి గుమ్మం దాకా వెళ్ళాను (వెనక్కి పిలుస్తారని తెలిసే). చివరికి నాలుగు దగ్గర తెగింది. నాలుగంగుళాలంటే మా బండికి అటు అరంగుళం, ఇటు అరంగుళం ఖాళీ. ఒప్పందం అయిపోయిందనుకుంటుండగా మావయ్య అన్నాడు, "కానీ కోడలు పిల్లా, ఆ బద్ద నా దగ్గరుండాలి. నా స్థలానికి ఇప్పుడదే సాక్ష్యం. రేపు మీవాళ్ళెవరైనా కొస కోయిస్తే?" నా నోట మాట రాలేదు. తాతయ్య పోలిక నాకు వచ్చింది ఆ ఒక్క క్షణమే. తేరుకుని, ప్రాణమన్నా ఇస్తాను గానీ బద్ద ఇవ్వనన్నాను. ఇంకో గంట పట్టింది. రాజీ పత్రంలో సీనియర్‌గారు తలపట్టుకుంటూ రాసిన షరతు ఇది: బద్ద మా కొట్లో అద్దాల పెట్టెలో ఉండాలి, కొయ్యకూడదు, చిత్రిక పట్టకూడదు, ఏడాదికోసారి ఆయన వచ్చి కొలిచి చూసుకోవచ్చు. ఆ మధ్యాహ్నం అవతలి కొట్టు నుంచి రెండు కాఫీ గ్లాసులొచ్చాయి.

మేడ లేచింది. నాయనమ్మ వెళ్ళిపోయింది. నేను ఇప్పుడు స్థలాల తగాదాలే ఎక్కువగా చూసే ప్లీడర్ని, నా దగ్గరికొచ్చే జూనియర్లకి మొదట చెప్పేది టేపు మార్చి ఒకసారి కొలవమని. దసరాకి మావయ్య ఇంకా వస్తాడు, జేబులో ఉక్కు టేపుతో. మొన్న దసరాకీ వచ్చాడు. చేతులు కాస్త వణుకుతున్నాయి. అద్దాల పెట్టెలోంచి బద్ద తీసి బల్ల మీద పెట్టాను. ఆయన టేపు ఆనించి, కళ్ళు చికిలించి, "ముప్పై ఆరు. సరిగ్గా ఉంది," అన్నాడు. ఊరుకుంటే సరిపోయేది. ఆయన నోటితో ఆయనే ఒప్పుకున్నాడు, పక్కన ఇద్దరు సాక్షులు కూడా ఉన్నారు.

"ముప్పై ఆరున్నర మావయ్యా. కళ్ళజోడు పెట్టుకుని చూడండి," అన్నాను.

"నాకు కనపడిందిలే. నువ్వేమంటావో చూద్దామని," అన్నాడాయన, టేపు చుట్టుకుంటూ.

నిజంగా కనపడిందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. దర్జీ టేపు పట్టుకుని ట్రంకు పెట్టె ముందు మురిసిపోయిన ఆ నల్లకోటు పిల్ల పక్కనే ఉంటే, చేతికొచ్చిన అరంగుళం వదిలేశావేమే అని నెత్తి కొట్టుకునేది. కొట్టుకోనీ. బద్దని పంచెతో తుడిచి మళ్ళీ అద్దాల పెట్టెలో పెట్టాను, పొన్ను మాసిపోకుండా.