అక్క కట్టుకున్న ఇల్లు

మా అక్కకు సొంత ఇల్లంటూ ఉండింది కంప్యూటర్‌లోనే. చింతామణిలో మా చిల్లర కొట్టు గల్లాపెట్టె దగ్గర పగలంతా కూర్చునేది. గుండె జబ్బు వల్ల పెళ్లి వద్దనుకుంది, నాలుగడుగులు వేస్తే ఆయాసం. నేను బాగేపల్లిలో ఒక బట్టల కొట్టులో పనిచేస్తూ అక్కడే గది తీసుకున్నాను. సాయంత్రం కొట్లు కట్టేశాక ఇద్దరం ఒకే ఆన్‌లైన్ ఆటలో కలిసేవాళ్లం. రాక్షసులు, మంత్రాలు, గుర్రాలు ఉండే పాత ఆట. నేను కత్తి పట్టేవాణ్ని, అక్క గాయాలు మాన్పేది. నేను చచ్చి పడ్డప్పుడల్లా లేపి నాలుగు తిట్లు తిట్టేది.

ఆ ఆటకు కొన్నేళ్లకోసారి ఎక్స్‌పాన్షన్ ప్యాక్ వస్తుంది. కొంటే కొత్త దేశం, కొత్త శత్రువులు. దాంతో నెలల తరబడి చెమటోడ్చి సంపాదించిన కత్తి గడ్డి కోయడానికి కూడా పనికిరాకుండా పోతుంది. నాకు ఒళ్లు మండేది. అక్క మాత్రం కొట్లోకి కొత్త సరుకు దిగినప్పటిలాగే కంప్యూటర్‌కు కుంకుమ బొట్టు పెట్టి, ఊదుబత్తి వెలిగిస్తే గానీ ఆ దేశంలో అడుగుపెట్టేది కాదు. అన్నీ తిరిగొచ్చి, చివరికి పాత ఊళ్లో వాగు ఒడ్డున కట్టుకున్న తన ఇంటికే చేరేది. ఆ వాకిట్లో ముగ్గు వేసే వీలు పెట్టలేదని ఆట తయారుచేసినవాళ్లను తిట్టేది.

అక్క ఉన్నట్టుండి పోయింది. కర్మలయ్యాక బాగేపల్లికి తిరిగొస్తే సాయంత్రాలు ఏం చేయాలో తోచలేదు. తన పాస్‌వర్డ్ నాకు తెలుసు. తన పేరుతో లోపలికి వెళ్లి, ఆ వాకిట్లో కాసేపు నిలబడి వచ్చేవాణ్ని. ఏడుపొస్తే ఏడ్చేవాణ్ని, ఆ గదిలో చూసేవాళ్లెవరు గనక.

అంతలో మరో ప్యాక్ ప్రకటించారు. ఈసారి వాగు ఒడ్డు ఊరినే తీసేస్తున్నారట. గడువులోగా కొత్త ప్యాక్ కొన్నవాళ్లు తమ ఇంటిని ఉన్నదున్నట్టు కొత్త దేశానికి మార్చుకోవచ్చు. కొననివాళ్ల ఇల్లు పోయినట్టే. మా ఇంట్లో ఎవరైనా పోతే ఏడాదిపాటు పండగ చేయం, కొత్త బట్ట కట్టం, కొత్త వస్తువు కొనం. అక్క పోయిన ఏడాదిలోనే, అక్క పేరుమీదే కొత్తదొకటి కొనడానికి నాకు మనసు రాలేదు. ఈ ఆట గోలంతా అమ్మకేం అర్థమవుతుందిలే అని అడగనూ లేదు. సంవత్సరికం దాకా గడువు పొడిగిస్తే బాగుండునని దేవుడికి మొక్కుకున్నాను. పొడిగించలేదు.

సంవత్సరికం రోజు చింతామణిలో భోజనాలయ్యాక, అక్క కంప్యూటర్ ముందే కూర్చుని ప్యాక్ కొన్నాను. ఎక్కడో చిన్న ఆశ. లోపల అక్క బొమ్మ ఎన్నడూ చూడని ఏదో కోట గుమ్మంలో నిలబడి ఉంది. ఇంట్లోని కుర్చీలు, దీపాలు మూటగట్టి సంచిలో వేశారు. ఇల్లు లేదు.

అమ్మ కాఫీ తెచ్చి, నా మొహం చూసి ఏమైందని అడిగింది. మొదటినుంచీ చెప్పాను. అడ్డు రాకుండా అంతా విన్నది.

"కొత్తది కొనకూడదు గానీ, ఉండే ఇల్లు కాపాడుకోకూడదని ఎవరన్నారప్పా? సావు జరిగిన ఇంట్లో కప్పు కారితే ఏడాదంతా అట్లే ఇడిచిపెడతామా? ఒక మాట అడిగింటే నేనే కొనమని చెప్పింటాను."

అమ్మ కళ్లద్దాలు తుడుచుకుని, కుర్చీ పక్కకు లాక్కుని కూర్చుంది.

"అది యాడుండిందో ఆ జాగా అన్నా చూపియ్యి."

ఆ ఊరికి దారి కూడా తీసేశారు.